ఉప్పునీళ్ళలో పుట్టిన కరెంటు

తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం, మా తెలుగులో తప్పులుంటే పెద్దమనసుతో దిద్దండి.

పోయిన వారం మా మనవణ్ణి స్కూల్లో బ్యాటరీ ఒకటి చేసి తెమ్మన్నారు. ఇంట్లో వెంటనే ఫోను తీసి కిట్టు ఆర్డరు పెట్టేశారు. మాకు మనసు చివుక్కుమంది. బ్యాటరీ అనేది పుట్టిందే చేతికందిన వస్తువులతో కదా!

ఇటలీలో గాల్వానీ అనే వైద్యుడు చచ్చిన కప్ప కాలికి రెండు రకాల లోహాలు తాకిస్తే అది ఎగిరిపడింది. కరెంటు కప్పలోనే ఉందని ఆయన అన్నాడు. కాదు, అది లోహాలవల్లే వస్తుందని వోల్టా అన్నాడు. వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, మధ్యన ఉప్పునీళ్ళలో తడిపిన అట్టముక్క, ఇలా ఒకదానిమీద ఒకటి పేర్చి రుజువు చేశాడు. ఆ సంగతి 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీకి జాబు రాశాడు. అంతవరకు చిటుక్కుమని మాయమయ్యే కరెంటు అప్పటినుంచి ఆగకుండా పారింది.

1836లో డేనియల్ మైలుతుత్తం నీళ్ళతో ఇంకా నిలకడైన బ్యాటరీ చేశాడు. 1866లో లెక్లాంషే నవాసాగరం నీళ్ళు వాడాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు చల్లే నవాసాగరమే అది! రైల్వే తంతి, స్టేషను గంటలు చాలాకాలం ఇలాంటి గాజు జాడీల మీదే నడిచాయి. 1886లో గాస్నర్ ఆ నీళ్ళను ముద్దగా మార్చాడు, అదే మన టార్చిలైటు బ్యాటరీ.

రేడియో కథా ఇంతే. మద్రాసులో 1924లో రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ కాలపు క్రిస్టల్ సెట్టుకు బ్యాటరీయే అక్కరలేదు, సీసపు ముడిరాయి మీద సన్న తీగ మొన ఆనిస్తే చాలు. ఆ రాయి గుణం కనిపెట్టి 1904లో అమెరికాలో పేటెంటు పొందినది మన జగదీశ్ చంద్ర బోస్. 1944లో ఇటలీ యుద్ధరంగంలో సిపాయిలు ఆ రాయి లేక గడ్డం గీసుకునే బ్లేడు, పెన్సిలు ముల్లుతోనే రేడియో విన్నారు.

మా చిన్నప్పుడు రైల్వే కాలనీలో అయిపోయిన బ్యాటరీకి మేకుతో తూట్లు పొడిచి ఉప్పునీళ్ళ గ్లాసులో నిలబెట్టేవాళ్ళం. చిన్న బల్బు మళ్ళీ మినుకుమినుకుమనేది. ఒకసారి లోపలి నల్లపొడి స్కూలు చొక్కా నిండా అంటి, అమ్మ చేతిలో బాగా తిన్నాం. మరునాడు తమిళ పాఠంలో తుత్తనాగం అని చదివితే, "మనం తుత్తునాగం అంటాంరా" అని ఇంట్లో అవ్వ చెప్పింది. బడి నేర్పని తెలుగు మాకు ఇలాగే, చేసే పనుల మధ్యలోనే వచ్చింది. ఈ కాలం పిల్లలకు ఆ పనులూ లేవు, ఆ మాటలూ లేవు.

అందుకే ఒక మనవి. ఆదివారం తెలుగు క్లాసులో ఒక రోజు దీనికి ఇద్దాం. నిమ్మకాయలు నాలుగు, రాగి తీగ, జింకు పూత మేకులు చాలు. ఒక్కో కాయ దాదాపు 0.9 వోల్టు ఇస్తుంది. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 1.8 కావాలి, కరెంటు మరీ తక్కువ గనక మూడో నాలుగో వరసగా కలపాలి. శక్తి నిమ్మకాయలో లేదు, కరిగే జింకులో ఉందని పిల్లలకు చెప్పాలి. ఆ కాయలు మళ్ళీ పులిహోరకు వాడకండి! ఇంటి ప్లగ్గు జోలికి పోనివ్వకండి, సెల్‌ఫోను బ్యాటరీ విప్పనివ్వకండి, నిప్పు అంటుకుంటుంది.

రాగి, తుత్తునాగం, మైలుతుత్తం, నవాసాగరం. ఈ నాలుగు మాటలు పిల్లలు తెలుగులో పలికి, తాము చేసిన దీపం వెలిగితే చూడాలని మా ఆశ. మేకులు, తీగ మేము తెస్తాం. నిమ్మకాయలు ఎవరు తెస్తారో చెప్పండి.