నీటి అడుగు ఛాయాగ్రహణ పరికరాలు

నీటి అడుగు ఛాయాగ్రహణ పరికరాలు అనగా సముద్రం, సరస్సు, ఈతకొలను వంటి చోట్ల నీటిలో మునిగి ఛాయాచిత్రాలు తీయుటకు వాడే కెమెరాలు, వాటిని నీటి నుండి కాపాడే తొడుగులు, దీపాలు. ఈ తొడుగులనే హౌసింగులు అంటారు. పరిమితమైన వ్యయంతో వీటిని ఎంచుకొనేవారు మొదట నీటి స్వభావాన్ని తెలుసుకోవడం అవసరం.

చరిత్ర

1856లో ఇంగ్లండులోని వేమత్ వద్ద విలియం థాంప్సన్ కెమెరాను ఒక పెట్టెలో అమర్చి సముద్రంలోకి దింపి చిత్రం తీశాడు. తొలి నీటి అడుగు చిత్రంగా దీనినే పేర్కొంటారు. 1893లో ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు లూయీ బుటాన్ స్వయంగా నీటిలో మునిగి చిత్రాలు తీశాడు. 1926లో లాంగ్లీ, మార్టిన్ అనేవారు ఫ్లోరిడా తీరంలో తొలి రంగుల చిత్రాలు తీశారు. 1963లో నికాన్ సంస్థ విడుదల చేసిన నికోనాస్ కెమెరాకు తొడుగు అవసరం లేదు. దీని తయారీ 2001లో ఆగిపోయింది.

నీటి ప్రభావం

*పీడనం: ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది.
*రంగు: నీరు ఎరుపు కాంతిని ముందుగా శోషిస్తుంది. అందువలన కొద్ది మీటర్ల లోతు నుండే చిత్రాలు నీలి, ఆకుపచ్చ ఛాయలో వస్తాయి.
*వక్రీభవనం: వస్తువులు అసలు దూరంలో సుమారు మూడు వంతుల దూరంలోనే ఉన్నట్లు కనిపిస్తాయి. చదునైన గాజు ముఖం గల తొడుగులో దృశ్యకోణం తగ్గుతుంది. గోపురాకారపు ముఖం ఈ లోపాన్ని సవరిస్తుంది.

రకాలు

*జలనిరోధక కెమెరాలు: 2019లో వచ్చిన ఒలింపస్ టఫ్ టీజీ-6 తొడుగు లేకుండా 15 మీటర్లు, తన తొడుగుతో 45 మీటర్ల లోతు వరకు పనిచేస్తుంది.
*యాక్షన్ కెమెరాలు: 2016 నాటి గోప్రో హీరో5 తొడుగు లేకుండా 10 మీటర్ల వరకు తట్టుకొంటుంది. ఇవి చలనచిత్రాలకు అనుకూలం. చిన్న జీవుల సమీప చిత్రాలకు అంతగా పనికిరావు.
*సంచి తొడుగులు: మెత్తని ప్లాస్టిక్ సంచులు. చవక. ఈతకొలనుకు, ఉపరితలపు ఈతకు చాలు. లోతున పీడనానికి సంచి కెమెరాకు అతుక్కుపోయి మీటలు నొక్కడం కష్టమవుతుంది.
*పాలీకార్బొనేట్ తొడుగులు: మధ్యస్థ ధరవి. చాలావరకు 40 నుండి 60 మీటర్ల లోతుకు తయారవుతాయి.
*అల్యూమినియం తొడుగులు: దృఢమైనవి. వీటి వెల తరచు లోపలి కెమెరా వెలను మించుతుంది.

ఎంపిక

ముందుగా ఎంత లోతుకు దిగుతారో నిర్ణయించుకోవాలి. ప్రాథమిక స్కూబా శిక్షణ పొందినవారు సాధారణంగా 18 మీటర్ల వరకు దిగవచ్చు. కనుక 15 మీటర్ల పరిమితి గల కెమెరా తొడుగు లేకుండా వారికి చాలదు. జలనిరోధకమని చెప్పే చరవాణుల పరీక్షలు మంచినీటిలో జరిగినవి. ఉప్పునీటికి ఆ హామీ వర్తించదు.

తొడుగు సాధారణంగా ఒకే నమూనా కెమెరాకు సరిపోతుంది. కెమెరా కొన్న తరువాత తొడుగు వెదకడం కంటె, రెండూ దొరికే పాత నమూనాను జతగా కొనడం పొదుపు. వాడిన తొడుగు కొనేటప్పుడు బీటలు, మీటల పనితీరు, విడి రబ్బరు వలయాల లభ్యత చూడాలి.

మిగిలిన సొమ్మును దీపానికి వెచ్చించడం మేలు. కెమెరాలోని ఫ్లాష్ నీటిలోని రేణువులను వెలిగించి చిత్రంపై తెల్లని చుక్కలు పడేలా చేస్తుంది. అందుకే విడి దీపాన్ని చేతికర్రపై కటకానికి దూరంగా అమర్చుతారు. దీపం కొనలేనివారు 5 మీటర్ల లోపు లోతులో, సూర్యుడు వెనుక ఉండగా, వస్తువుకు మీటరు లోపు దూరం నుండి తీస్తే చక్కని రంగులు వస్తాయి.

సంరక్షణ

తొడుగు మూతకు ఉండే రబ్బరు వలయమే నీటిని ఆపుతుంది. దానిపై ఒక వెంట్రుక గాని, ఇసుక రేణువు గాని ఉన్నా నీరు చొరబడి కెమెరా పాడవుతుంది. కొత్త తొడుగును మొదట కెమెరా లేకుండా, లోపల పొడి కాగితం ఉంచి నీటిలో ముంచి పరీక్షించాలి. వలయానికి తయారీదారు సూచించిన గ్రీజును మాత్రమే పలుచగా పూయాలి. సముద్రం నుండి వచ్చిన తరువాత తొడుగును మూసి ఉంచే మంచినీటిలో నానబెట్టి, మీటలను కదిలించి, పూర్తిగా తుడిచిన పిదపనే తెరవాలి.

జాగ్రత్తలు

నీటిలో నిలకడగా తేలడం అలవడిన తరువాతే కెమెరా తీసుకువెళ్ళాలి. చిత్రం కోసం పగడాలను పట్టుకోరాదు, వాటిపై నిలబడరాదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద పగడాలకు రక్షణ ఉంది.

ఇవి కూడా చూడండి

*ఛాయాగ్రహణం
*వక్రీభవనం
*పగడపు దిబ్బలు