గాలిల లడాయి, నేల మీద లెవీ

ఫోన్ల ఏదో రష్యా సినిమా చూసినవని, విమానాల లడాయిల దొర ఎట్లుంటడో చెప్పుమంటివి. చెప్త గని, నడుమల లేచి పోయేదుంటె ఇప్పుడే పో. నా ముచ్చట జనగామ టేషనుకొచ్చే ప్యాసింజరు బండి తీరు, ప్రతి సిగ్నలు కాడ ఆగుతది.

రష్యా అంటె మా తరపోళ్ళకు దూరదేశం కాదు పిలగా. చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల సంఘం మాట, అంటె కమ్యూనిస్టుల మాట, లేని పొద్దు లేదు. లండను ఏ దిక్కుకున్నదో తెల్వనోళ్ళకు సుత స్టాలిన్‌గ్రాడ్ పేరు తెలుసు. సంఘపోళ్ళు రాత్రి బైఠక్ పెట్టి ఎర్రసేన ముచ్చట్లు చెప్తుంటె, ముసలోళ్ళు చుట్ట ఆర్పేసుకొని వింటుండ్రి. నీ సినిమాల చూసినోడు ఎవ్వడోగని, అసలైన రష్యా గాలి దొర అంటె పోక్రిష్కిన్. అలెగ్జాండర్ పోక్రిష్కిన్. 1913ల సైబీరియాల పేదింట్ల పుట్టిండు. మొదలు విమానాలు నడిపెటోడు కాదు, బాగు చేసెటోడు. మెకానిక్కు. నూనె చేతులతోని పైకి చూసుకుంట చూసుకుంట పైలెట్ అయిండు.

ఆయన లడాయి ఎట్ల మొదలైందో ఇంటె నవ్వుతవు. 1941 జూన్ 22న హిట్లరు దండు రష్యా మీద పడ్డది. పోక్రిష్కిన్ మిగ్-3 ఎక్కి గాలిల లేచిండు, ఎదురుంగ ఒక విమానం కనబడ్డది, గురి చూసి కొట్టిండు. కూలినంక చూస్తె అది వాండ్లదే, సుఖోయ్ బాంబరు! కొత్త రకం, అంతకుముందు కంటితోని చూడలే. తొలిపొద్దే సొంతోన్ని కొట్టినోడు లడాయి అయిపొయ్యేనాటికి 59 విమానాలు కూల్చినట్టు లెక్కకెక్కిండు. మూడుసార్లు సోవియట్ వీరుడన్న బిరుదు మొట్టమొదలు దొరికింది ఆయనకే, 1944ల. అప్పటికి ఆయన చేతి కింద ఒక ఫైటర్ డివిజనే ఉన్నది.

ఆయన గొప్పతనం కూల్చిన లెక్కల లేదు. పాత పుస్తకాల రాసినట్టు ఎగిరితె సస్తమని పెద్ద సార్లతోని కొట్లాడిండు. సొంతంగ ఒక సూత్రం కట్టిండు: ఎత్తు, వేగం, మలుపు, కాల్పు. ముందుగాల ఎత్తు పట్టు, ఎత్తును వేగం చేసుకో, అప్పుడు మలుగు, దగ్గర్కి పోయి కొట్టు. నోరు ఊకోనందుకు పార్టీల నుంచి ఎల్లగొట్టిండ్రు సుత. ఎదురు చెప్పేటోన్ని ఎవనికీ సూడబుద్ధి కాదు, అది రష్యా అయినా రఘునాథపల్లి అయినా. 1943ల కుబాన్ మీద ఆయన నడిపింది అమెరికోళ్ళిచ్చిన ఎయిరాకోబ్రా. రష్యా వీరుడు అమెరికా బండి ఎక్కి జర్మనోన్ని కొట్టుడు, చూసినవా లోకం!

ఆగు, నేను రష్యాలనే ఉండిపోతున్న. నీకు మన దిక్కు గాలి దొర ముచ్చట చెప్పాల్నని కూసుంటి.

రష్యాల గట్ల నడుస్తుంటె మన దిక్కు ఎట్లుండె? మనది నిజాం రాజ్యం. రూపాయి సుత మనది వేరే, హాలీ సిక్క. అవుతల ఇంగ్లీషోళ్ళ రాజ్యంలది కల్దారు. మనయి ఏడు ఇస్తె వాండ్లయి ఆరు వస్తుండె, అటిటుగ. రూపాయికి పదహారు అణాలు, బేడ అంటె రెండణాలు. మా నాయిన బేడ బిళ్ళ ధోతి కొంగుకు ముడేసి, ఆ ముడి మీద ఇంకో ముడేసి అంగడికి పోతుండె. ముడి ఇప్పేసరికి బేరం మీద మనసు ఇరిగిపోవాల్నని ఆయన లెక్క. మీరు ఫోను ఇట్ల చూపిస్తె పైసలు అట్ల పోతయి, ముడి లేదు, యోచన లేదు.

లడాయి కాలంల అన్నిటికీ కరువు. గ్యాసునూనె దొరకక పొద్దు గూకకముందే బువ్వ తిని పండుకుంటుండ్రి. ఎవరింట్లనన్న కందిలి ఎలిగిందంటె వాండ్లింట్ల కానుపో, పంచాయితో ఉన్నట్టు. బట్ట కంట్రోలు. ఇగ లెవీ ఉండె చూడు, అది అన్నిటికన్న పెద్ద బాధ. కల్లంల వడ్లు రాసి పోసినంక పట్వారి వచ్చి ఇంత సర్కారుకు కొలవాలె అంటడు. దొరల కల్లాల కాడికి పొయ్యేసరికి ఆ పట్వారికే లెక్క మతికి రాదు, చిన్న రైతు కల్లం కాడ గింజ గింజ మతికొస్తది. కొలిచి ఇచ్చినోడు ఇంటికొచ్చి జొన్నగట్క తినుడే.

ఇంట్ల గిట్లుంటె, నిజాం రాజు లండనోళ్ళకు ఏమిచ్చిండో ఎరుకనా? విమానాల దండు. రెండు ఫైటర్ స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరు మీద ఎగిరినయి. 152 నంబరుది హైదరాబాద్ స్క్వాడ్రన్, దానికి స్పిట్‌ఫైర్లు. 253 నంబరుది హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్, దానికి హరికేన్లు. 1940ల జర్మనోళ్ళు ఇంగ్లాండు మీద పగలు రాత్రి బాంబులేస్తుంటె అడ్డం పడ్డోళ్ళల్ల ఈ రెండూ ఉన్నయి. 152 బిళ్ళ మీద నిజాం తలపాగ బొమ్మ, కింద "నమ్మకమైన దోస్తు" అన్న మాట, ఇంగ్లీషుల. మన ఊర్ల ఎడ్లబండికి కొత్త పైద కావాల్నంటె వడ్లాయన కాడ నెల రోజులు తిరుగుడు, లండను మీదనేమో హైదరాబాదు పేరుతోని స్పిట్‌ఫైర్లు! ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీ మోత. సొమ్మొకనిది, సోకొకనిది.

ఆ రాజును ఊకె తిడ్తలేను. 1937ల అమెరికా పత్రిక అట్ట మీద ఆయన బొమ్మేసి లోకంల అందరికన్న షావుకారి అన్నరు. ఆ షావుకారి మాసిన టోపి పెట్టుకొని, చార్మినార్ సిగరెట్ తాగి, కోడిగుడ్డంత వజ్రాన్ని కాయితాలు ఎగరకుంట పెట్టుకున్నడంట. పొదుపు చేసెటోడే. కాకుంటె తన దగ్గరోళ్ళకు పొదుపు, తెల్లోళ్ళకు దానం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

హైదరాబాదు పేరున్న విమానాలల్ల ఎగిరింది మాత్రం ఎక్కువగ తెల్లోళ్ళే. మరి హైదరాబాదు పిలగాడు ఎగిరిండా అంటవా? ఎగిరిండు. ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923 జూన్ 9న హైదరాబాదుల పుట్టి, నిజాం కాలేజీల చదివి, 1941ల పద్దెనిమిదేండ్లకే వాయుసేనల చేరిండు. నువ్వు పద్దెనిమిదేండ్లకు ఏం చేసినవో నేను అడగను, నువ్వూ చెప్పకు. 1942 జనవరిల ఆఫీసరై కరాచీ సముద్రం కాడికి పోయిండు, జలాంతర్గాములను కనిపెట్టుకుంట ఎగురుడు పని. ఎక్కింది వాపిటీ. రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి, పైన కప్పు ఉండదు, గాలి మొకానికే. అప్పటికే అవి ముసలి బండ్లు. అదే ఏడు ఏప్రిల్ 6న జపానోళ్ళు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేసిండ్రు. ఆ మాట ఇక్కడిదాక వచ్చేసరికి "జపానోడు జనగామకు వస్తున్నడంట" అయ్యింది. ఒకవ్వ వడ్లు గుమ్మిల నుంచి తీసి పాతరేసిందంట. జపానోడు రాలే, పట్వారి వచ్చిండు. వడ్లు పాతర్ల ఉండవట్టి లెవీ నుంచి తప్పినయి. జపానోడు చేసిన మేలు గదొక్కటే.

తర్వాత లతీఫ్‌ను ఇంగ్లాండు పంపిండ్రు. హరికేను, స్పిట్‌ఫైరు నేర్చుకొని 1944ల తిరిగొచ్చి బర్మా లడాయిల దిగిండు. ఆ లడాయి అంటె అడవి, వాన, మలేరియా. జపానోని బుల్లెటు కన్న దోమ ఎక్కువ మందిని పండబెట్టింది. హైదరాబాదు పేరున్న ఆ 152 దండు సుత 1943 చివర్ల అవుతలి నుంచి వచ్చి అదే బర్మా మీద తిరిగింది. పేరు ఒక విమానం మీద, ఊరోడు ఇంకో విమానంల.

బర్మాల తొమ్మిదో స్క్వాడ్రన్‌ల లతీఫ్ మీద ఉన్న దొర అస్గర్ ఖాన్. జమ్ముల పుట్టినోడు, మొదట దక్కన్ హార్స్ గుర్రపు దండుల ఉండి తర్వాత గాలిలకు వచ్చిండు. ఇద్దరూ ఒక్క తాన తిని, ఒక్క తాన ఎగిరిన దోస్తులు. ఇగ 1947 వచ్చింది. దేశం రెండు ముక్కలు. పటేలింట్ల అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇత్తడి బిందె కాడ కొట్లాట అయితదే, గట్లనే ఆడ విమానాలు పంచుకున్నరు, తుపాకులు పంచుకున్నరు, కుర్చీలు సుత పంచుకున్నరు. ఆఖరికి మనుషులను పంచుకునుడు. అస్గర్ ఖాన్, ఇంకో దోస్తు నూర్ ఖాన్ ఇద్దరూ పాకిస్తాన్‌కు పోతుంటె, నువ్వు సుత రారాదు అని లతీఫ్‌ను పిలిచిండ్రు. దోస్తుల పిలుపు, పైగ అవుతల కొత్త దండుల తొందరగ పై కుర్చీలు దొరుకుతయి. లతీఫ్ మాత్రం మతం వేరు, దేశం వేరు అని చెప్పి ఈడనే ఉన్నడు. ఇందుల నాకు పెద్ద వింత అనిపియ్యదు పిలగా. నర్మెట్టల పీర్ల పండుగకు పీరు ఎత్తుకొని ఉరికేటోళ్ళల్ల సగం మంది హిందువులేనని నీకు తెలుసు కద.

1948 సెప్టెంబరుల ఏమైందో బడి పుస్తకంల చదివినవు. 13న భారత దండు లోపలికొచ్చుడు మొదలై ఐదొద్దులల్ల నిజాం పని అయిపాయె. పూనా దిక్కు నుంచి భారత వాయుసేన టెంపెస్టులు లేచినయి. ఇంగ్లాండుకు రెండు ఫైటర్ దండ్లు దానమిచ్చిన రాజుకు ఆ పొద్దు తన నెత్తి మీద అడ్డం పెట్టుకుందామంటె చెప్పుకోతగ్గ యుద్ధ విమానాలు లేవు. అంతకుముందు సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియా ఆయన కరాచీ నుంచి రాత్రిళ్ళు తుపాకులు తెచ్చి బీదరుల, వరంగల్లుల దించిండు. నమ్మకమైన దోస్తు అని పేరు పెట్టిన లండనోళ్ళు మాత్రం రాలే. ఆ దినాలల్ల నేను పిలగాన్ని. పైన విమానం మోత వినబడంగనే మా అవ్వ నన్ను నులక మంచం కిందికి తోసి, తాను మంచం మీద కూసుంది. ఆమె లెక్కల బాంబు నులకను దాటదు.

లతీఫ్ టెంపెస్టుల నాలుగో స్క్వాడ్రన్‌కు కమాండర్ అయిండు. 1950 జనవరి 26న దేశం గణతంత్రమైన నాడు ఢిల్లీ మీద విమానాలు వరుస కట్టి పోతుంటె ముందు నడిపింది ఆయనే. 1971 లడాయిల ఢిల్లీ దఫ్తరుల ఎత్తుగడలు వేసే కాడ ఉన్నడు.

నడుమ 1965 ఉన్నది, దాన్ని ఇడ్సిపెడ్తె నాకు నిద్ర పట్టదు. అస్గర్ ఖాన్ అప్పటికి పాకిస్తాన్ వాయుసేనకు పెద్ద. మన దిక్కు పెద్ద అర్జన్ సింగ్, ఆయన సుత బర్మా చూసినోడే. ఏప్రిల్‌ల కచ్ కాడ గడిబిడి మొదలైంది. అస్గర్ ఖాన్ సీదా అర్జన్ సింగ్‌కు ఫోను చేసి, మీ విమానాలు మీరు ఆపుకోండ్రి, మావి మేము ఆపుకుంటం అన్నడు. ఈయన సరే అన్నడు. రెండు దిక్కులా బాంబులెయ్య విమానాలు లేవలే. మన ఊర్ల గట్టు పంచాయితి ఇంత తొందరగ తెగుతదా చెప్పు! జులైల అస్గర్ ఖాన్ దిగిపోయి నూర్ ఖాన్ వచ్చిండు, సెప్టెంబరుల లడాయి రానే వచ్చింది. అది వేరే సంగతి.

1978ల లతీఫ్ వాయుసేన మొత్తానికి పెద్ద అయిండు. ఇప్పటిదాక ఆ కుర్చీల కూసున్న ముస్లిం ఆయనొక్కడే. మూడేండ్లుండి బ్రిటనోళ్ళ జాగ్వార్లు తెప్పిచ్చిండు, రష్యా నుంచి మిగ్-23, మిగ్-25 తెప్పిచ్చిండు. దిగిపోయే ముందు, 1981ల, ఆ మిగ్-25 ఎక్కి ఎగిరొచ్చిండు. యాభై ఎనిమిదేండ్ల మనిషి! గంటకు మూడు వేల కిలోమీటర్ల దాక ఉరికే బండి అది. గాలి మొకానికి కొట్టే వాపిటీతోని మొదలు పెట్టి దాని మీదికొచ్చి ఆపిండు. పోక్రిష్కిన్ మొదటినాడు ఎక్కిన మిగ్-3, ఈయన ఆఖరున ఎక్కిన మిగ్-25 ఒక్క కార్ఖాన పేరు మీదియే. రష్యా ముచ్చట ఉత్తగ ఎత్తలే నేను.

తర్వాత మహారాష్ట్రకు గవర్నరు అయిండు. అంతకుముందు అదే కుర్చీల ఆయన మామ అలీ యావర్ జంగ్ ఉన్నడు. మామ కట్నం కింద రాజ్‌భవన్ ఇచ్చినట్టే అయ్యింది. భార్య బిల్కీస్ లతీఫ్ మన తెలుగోళ్ళ వంటల మీద ఇంగ్లీషుల పుస్తకమే రాసింది. మొగడు గాలిల, ఆమె పొయ్యి కాడ అనుకోకు, ముంబైల ధారావి మురికివాడలల్ల పని చేసిన మనిషి. ఆఖరికి లతీఫ్ హైదరాబాదుకే వచ్చి 2018 ఏప్రిల్‌ల పోయిండు. అస్గర్ ఖాన్ అదే ఏడు జనవరిల పోయిండు, అవుతల.

ఇంకొక్కటి చెప్పి ఇడ్సిపెడ్త. వచ్చే ఏడు లండనుకు చదువుకు పోతనంటున్నవు కద. ఆడ హెండన్ అన్న తాన వాయుసేన మ్యూజియం ఉన్నది. అందుల డీహెచ్-9ఏ అని ఒక పాత బాంబరు పెట్టిండ్రు. మొదటి లడాయిలనే, 1918ల, నిజాం పైసలతోని నిలబెట్టిన 110 నంబరు దండుది అది. జర్మనీ మీద బాంబులెయ్యబోయి అక్టోబరుల వాండ్లకు దొరికింది, బెర్లిన్ల కొన్నాళ్ళు, పోలండుల కొన్నాళ్ళు తిరిగి, 1977ల ఇంగ్లాండుకు మర్రి వచ్చింది. నిజాం ఇచ్చిందని దాని మీద రాసి ఉన్నది. నువ్వు పోయి దానెంబడి నిలబడి ఫోటో దిగి పంపు. అందుల మా తాత కట్టిన శిస్తు ఎంత ఉన్నదో ఆడివాండ్లను అడిగి చూడు, రశీదు అయితే మా ఇంట్ల లేదు.