సబ్‌రొటీన్ లైబ్రరీ: సొంత కోడా, అరువు కోడా?

ఒకరు రాసిన ప్రోగ్రాము భాగాన్ని మరొకరు వాడుకోవడం ఇంటర్నెట్‌తో మొదలైన అలవాటు కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో నిర్మించిన ఎడ్‌శాక్ యంత్రం 1949 మే 6న తొలి ప్రోగ్రామును నడిపింది. కొద్ది వారాలకే, ఆ నిర్మాణానికి నాయకత్వం వహించిన మారిస్ విల్క్స్ ఒక అవకలన సమీకరణ సాధనకు ప్రోగ్రాము రాశారు. 126 వరుసల ఆ ప్రోగ్రాములో సుమారు 20 తప్పులు దొర్లాయి! శేషజీవితంలో చాలా భాగం సొంత తప్పులు వెతకడానికే పోతుందని అప్పుడే తనకు తట్టినట్లు ఆయన తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు.

వర్గమూలం, సైన్, కొసైన్, ఫలితాల ముద్రణ వంటి పనులు దాదాపు ప్రతి గణనలోనూ వస్తాయి. కేంబ్రిడ్జిలో వీటిని ఒకసారి జాగ్రత్తగా రాసి, పరీక్షించి, రంధ్రాలు కొట్టిన కాగితపు టేపుల రూపంలో ఉక్కు బీరువాలో భద్రపరిచారు. సబ్‌రొటీన్ ముగిశాక యంత్రం తిరిగి ఎక్కడికి రావాలో తెలిపే పద్ధతిని డేవిడ్ వీలర్ రూపొందించారు. విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ 1951లో పుస్తకం ప్రచురించే నాటికి ఈ లైబ్రరీలో 87 సబ్‌రొటీన్లు ఉన్నాయి.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. వాడుకరి బీరువాలోని టేపుకు నకలు తీసి తన టేపులో కలుపుకునేవాడు. మూలప్రతి పోయినా అతని ప్రోగ్రాము ఆగదు. రాసినవారు కూడా సాధారణంగా అదే ప్రయోగశాలలో ఉండేవారు. సందేహం వస్తే వెళ్లి అడగవచ్చు.

1955లో ఐబీఎం 704 వాడుకరులు ‘షేర్’ అనే సంఘంగా ఏర్పడి ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకున్నారు. అప్పటి నుంచి రాసినవారికీ వాడేవారికీ మధ్య దూరం పెరుగుతూ వచ్చింది.

ఆ దూరం ఎంతో 2016 మార్చి 22న తెలిసింది. జావాస్క్రిప్టు లైబ్రరీల భాండాగారమైన ఎన్‌పీఎంతో పేరు విషయమై వివాదం వచ్చి, ఒక ప్రోగ్రామరు తన లైబ్రరీలన్నీ తొలగించాడు. వాటిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ ఒకటి. పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. మొత్తం 11 వరుసలు. దానిపై నేరుగానో పరోక్షంగానో ఆధారపడిన వేలాది ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. సుమారు రెండు గంటల తరువాత ఎన్‌పీఎం దానిని పునరుద్ధరించింది.

పదకొండు వరుసలు సొంతంగా రాసుకోవలసిందే అనడం న్యాయమే. కానీ ఎన్‌క్రిప్షన్ విషయంలో ఆ మాట చెల్లదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడినప్పుడు అది రెండేళ్లుగా అందులో ఉందని తేలింది. అయినా ప్రతి సంస్థా సొంత ఎన్‌క్రిప్షన్ రాసుకుని ఉంటే అలాంటి లోపాలు ఎన్నో ఎవరి కంటా పడకుండా ఉండిపోయేవి. లెఫ్ట్-ప్యాడ్ చేసే పని మాత్రం 2017లో జావాస్క్రిప్టు ప్రమాణంలోనే చేరింది.