ఓరుగల్లు సరిహద్దులో మనవాళ్ళెవరు?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, పెన్షన్ లెక్కలు తప్ప నాకేం తెలుసునండీ అన్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే మా మనవడు వేసిన ప్రశ్న ఒకటి గుర్తుకొచ్చింది.

ఒక ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని మానుకోటలో రైలెక్కి వరంగల్ కోట చూపించడానికి వెళ్ళాను. (కాగితాల మీద సర్వీసంతా మహబూబాబాద్ అనే రాశాను గాని, నోటికి వచ్చేది మానుకోటే.) తోరణాల దగ్గర నిలబడి వాడు, "తాతా, ఇక్కడ కొట్లాడినవాళ్ళలో మనవాళ్ళెవరు, పరాయివాళ్ళెవరు?" అన్నాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడు. కాకతీయులు మనవాళ్ళు, ఢిల్లీవాళ్ళు పరాయివాళ్ళు అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. నా వల్ల కాలేదు. సర్వీసులో ఉండగా తీరిక లేక పక్కన పెట్టిన చరిత్ర పుస్తకాలు రిటైరయ్యాక ఒక్కొక్కటే చదివాను. వాటిలో ఈ లెక్క అంత సులువుగా టాలీ కాలేదు.

ఢిల్లీ సుల్తానులకు, ఓరుగల్లుకు మధ్య యుద్ధాలు 1303లో మొదలయ్యాయి. అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన మొదటి సేన ఓడి వెనుదిరిగింది. 1309-10లో మాలిక్ కాఫుర్ వచ్చి ముట్టడించాడు. వెలుపలి మట్టికోట ఎంత గట్టిదో ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో వర్ణించి రాశాడు. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు. కప్పం ఆగినప్పుడల్లా మళ్ళీ సేన వచ్చేది. 1318లో వచ్చింది. తర్వాత ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించాడు. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని పుకారు పుట్టి అతని సేన చెదిరిపోయింది. 1323లో అతనే తిరిగొచ్చి కోట పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరాన మరణించాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది.

ఆ తర్వాత ప్రజలు పడిన బాధలు చిన్నవి కావు. గోదావరి జిల్లా విలస గ్రామంలో దొరికిన ప్రోలయ నాయకుడి తామ్రశాసనంలో దేవాలయాల ధ్వంసం, అగ్రహారాల హరణం, రైతుల పంట దోపిడీ అన్నీ ఉన్నాయి. చదువుతుంటే మనసు వికలమవుతుంది. ఇది జరగలేదని నేను చెప్పబోవడం లేదు. ఆ ప్రోలయ భద్రాచల ప్రాంతపు రేకపల్లి నుంచి ఎదురుతిరిగాడు. అతని పినతండ్రి కుమారుడు ముసునూరి కాపయ నాయకుడు 1336లో ఓరుగల్లును మళ్ళీ సాధించాడు.

ఇంతవరకూ మనవాడికి చెప్పడం తేలికే. చిక్కు ఇక్కడే వస్తుంది. కాపయ ఓరుగల్లును ఎవరి నుంచి తీసుకున్నాడు? అప్పుడు కోటలో ఉండి, ఓడి ఢిల్లీకి పారిపోయిన అధికారి మాలిక్ మక్బూల్. ఈ మక్బూల్ మన తెలుగువాడు. ప్రతాపరుద్రుడి కొలువులో పెద్ద హోదాలో ఉండి, కోట పడిపోయాక ఇస్లాం స్వీకరించాడు. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన నాగయ గన్న సేనాని ఇతడేనని చరిత్రకారులు చాలామంది గుర్తించారు. అంటే 1336లో కోట లోపలున్నవాడూ తెలుగువాడే, బయట ఉన్నవాడూ తెలుగువాడే! పారిపోయినవాడు అక్కడితో ఆగిపోలేదు. 1351లో గద్దెనెక్కిన ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయ్యాడు, ఖాన్-ఇ-జహాన్ అనిపించుకున్నాడు. చదవడం రాయడం రాదట గాని రాజ్యమంతా అతని చేతి మీదే నడిచిందని ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. మన ఆఫీసుల్లోనూ అలాంటి సమర్థులను చూశాం కదా!

కాపయ సంగతి చూడండి. 1347లో దక్కనులో అమీర్లు తుగ్లక్ మీద తిరగబడితే అతడు వాళ్ళకు సేన సాయం పంపాడని ఫిరిష్తా రాశాడు. ఢిల్లీ బెడద వదిలితే చాలుననుకున్నాడేమో. అలా పుట్టిన బహమనీ రాజ్యమే అతని మెడకు చుట్టుకుంది. తన కోసం తెచ్చిన మేలు గుర్రాలను కాపయ కొడుకు వినాయకదేవుడు వర్తకుల నుంచి లాక్కున్నాడని సుల్తాను మహమ్మద్ షాకు కోపమొచ్చిందట. గుర్రాల తగవుతో మొదలై ఆ రాకుమారుడి ప్రాణం పోయింది. చివరికి కాపయ గోల్కొండను వదులుకున్నాడు, మణులు పొదిగిన తఖ్త్-ఇ-ఫిరోజా అనే సింహాసనాన్నీ ఇచ్చుకున్నాడు. సరిహద్దు గోల్కొండ దగ్గర నిలిచింది.

అంతా అయ్యాక కాపయను చంపిందెవరు? బహమనీ సుల్తాను కాదు. 1368 ప్రాంతంలో ఓరుగల్లు దగ్గరి భీమవరం యుద్ధంలో రేచర్ల అనపోత నాయకుడి చేతిలో చనిపోయాడు. తెలుగువాణ్ణి తెలుగువాడే చంపాడు. ఆ రేచర్లవారే రాచకొండ నుంచి ఏలుతూ తర్వాత బహమనీలతో స్నేహం చేశారు.

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. స్పెయిన్‌లో క్రైస్తవ, ముస్లిం రాజ్యాల సరిహద్దులోనూ ఇంతే. అక్కడివాళ్ళు జాతీయ వీరుడిగా కొలిచే ఎల్ సిడ్‌ను తన రాజు 1081లో వెళ్ళగొడితే, జరగోజా ముస్లిం పాలకుడి కొలువులో కొన్నేళ్ళు పనిచేశాడు.

మన కోటలోనే ఇంకో మనిషి ఉన్నాడు. పేరు షితాబ్ ఖాన్. పేరు చూసి ఏదో అనుకుంటాం. ఆయన హిందువు, సీతాపతి అంటారు. బహమనీ కొలువులో పైకొచ్చి ఓరుగల్లును ఏలాడు. 1504లో శాసనం వేయించి, తురుష్కులు తొలగించిన దేవతా విగ్రహాలను తిరిగి ప్రతిష్ఠించానని అందులో చెప్పుకున్నాడు. ఖాన్ బిరుదు మాత్రం వదులుకోలేదు. కులీ కుతుబ్ షా ఆయన్ని ఓడించేదాకా అదే పేరుతో పాలించాడు.

ఇదంతా మనవడికి ఖుష్ మహల్ నీడలో కూర్చుని చెప్పాను. వాడు వింటూనే మధ్యలో బఠాణీలు కొనిపించుకున్నాడు. తర్వాత మా అబ్బాయి ఢిల్లీలో ఉండగా సెలవులకు వెళ్ళినప్పుడు ఇద్దరం నిజాముద్దీన్ బస్తీకి వెళ్ళాం. ఇళ్ళ మధ్య ఇరుక్కున్న మక్బూల్ సమాధిని వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఎనిమిది మూలల కట్టడం. ఢిల్లీలో ఆ ఆకారంలో కట్టిన మొదటి సమాధి అదేనంటారు. దారి చెప్పిన పెద్దాయన ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే, వరంగల్ పక్కన అన్నాను. ఆ పేరు ఆయన వినలేదు.

మనవడు చుట్టూ తిరిగి చూశాడు. బయటికొచ్చాక, "తాతా, ఈయన పేరు మా పుస్తకంలో లేదు" అన్నాడు.