ఫ్లోరెన్స్ బజారులో మన అంకెలు

సాయంత్రమైతే ఫ్లోరెన్స్ జనమంతా వీధుల్లోకి వచ్చేస్తారు. పనేమీ లేకుండా అలా తిరగడాన్ని వాళ్ళు పస్సెజ్జాతా అంటారు. మేమూ తిరిగాం. బండి దగ్గర నిలబడి, ఆవు నాలుగో పొట్టతో చేసే లాంప్రెదొత్తో తిన్నాను. మా ఆవిడ జెలాటోతో సరిపెట్టుకుంది. శాన్ లొరెంజో బజారులో తోలు బెల్టు బేరమాడితే దుకాణదారు కాగితమ్మీద 18 అని రాసి చూపించాడు. భాష రాకపోయినా బేరం కుదిరింది.

డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగమంతా అంకెలతోనే గడిపిన నాకు 1299 గుర్తొచ్చింది. ఆ ఏడు ఇదే ఊళ్ళో డబ్బు మార్చే వ్యాపారుల సంఘం, ఈ అంకెలతో ఖాతాలు రాయకూడదని నిషేధించింది. సున్నాని 6గానో 9గానో దిద్దేస్తారని భయమట. దాన్ని మూఢత్వం అనను. చెక్కు మీద మొత్తం అక్షరాల్లో కూడా మనం ఇప్పటికీ రాస్తున్నాం కదా!

అయితే ఈ అంకెలు మనవేనని రొమ్ము విరుచుకునేవారు మిగతా దారి కూడా చెప్పాలి. 1202లో ఫిబొనాచి వీటిని భారతీయుల అంకెలనే పరిచయం చేశాడు. కానీ ఆయన మొదట నేర్చుకున్నది అరబ్బుల నేల మీద, ఇప్పటి అల్జీరియాలోని బుజియా రేవులో. నిషేధించినా వర్తకులు వీటిని వదల్లేదు. చక్రవడ్డీ ఒకటి రోమన్ అంకెలతో కాగితమ్మీద కట్టి చూడండి, ఎందుకో తెలుస్తుంది.