తెనుఁగు వరుసలు - సంస్కృత పర్యాయములు

తెనుఁగు బంధువాచకములకు సంస్కృత పదములను బర్యాయములుగాఁ జెప్పుట విద్యార్థులకు సులభమే కాని యర్థనిర్ణయమునకుఁ జాలదు. మామ యన మాతులుఁడా, శ్వశురుఁడా? అత్త యనఁ బితృష్వసయా, శ్వశ్రువా? సంస్కృతమున నాలుగు సంబంధములకు నాలుగు పదములు; తెనుఁగున రెండే. దీనిని భాషాదారిద్ర్యమని తలంచుట తగదు.

తండ్రి యన్నదమ్ములు పెదతండ్రి, పినతండ్రులు. తల్లి యక్కసెల్లెండ్రు పెదతల్లి, పినతల్లులు. పితృవ్యశబ్దము పెద్దచిన్నల భేదము నెఱుఁగదు. తెనుఁగు దానిని విడువదు. వీరును దలిదండ్రుల వరుసవారే కావున వీరి సంతానమునకుఁ దోఁబుట్టువుల వరుస. వారిలో వివాహము కూడదు. తండ్రి సోదరి అత్త, తల్లి సోదరుఁడు మామ. వీరి సంతానముతో వివాహము యుక్తము. దానికే మేనరికమని పేరు. కుంతి వసుదేవుని సోదరి, సుభద్ర యాతని కూఁతురు. కావున నర్జునునకు వసుదేవుఁడు మాతులుఁడును శ్వశురుఁడును అయ్యెను. తెనుఁగున నీ రెంటికిని మామ యన్న యొక్కమాటయే చాలును. భేదము చెప్పవలసినచో మేనమామ, పిల్లనిచ్చిన మామ, మేనల్లుఁడు, అల్లుఁడు, మేనకోడలు, కోడలు అని భాషయే వేఱుపఱుచును.

ఈ యాచారము ప్రాచీనము. బౌధాయన ధర్మసూత్రము దక్షిణదేశపు టాచారము లైదింటిలో మాతులుని కూఁతును, పితృష్వస కూఁతును బెండ్లాడుటను లెక్కించినది. మనుస్మృతి దీనిని నిషేధించెను. మాధవాచార్యుఁడు పరాశరమాధవీయమున సమర్థించెను. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టమును నిషిద్ధసంబంధములను జెప్పుచునే, యాచార మనుమతించుచోట మినహాయించినది. లూయీ మోర్గన్ 1871లోఁ బ్రకటించిన బృహద్గ్రంథమునఁ దమిళ కన్నడములతోఁ బాటు తెనుఁగు వరుసలకును స్థానమిచ్చుటకు నీ వ్యవస్థయే కారణము.

పదరూపములయందును వరుస యొక్క జాడ కలదు. అన్న, అక్క, మామ, అత్త, బావ, వదినె యను పెద్దల పేళ్లు డు-లు వర్ణములు లేకయే నిలుచును. తమ్ముఁడు, అల్లుఁడు, చెల్లెలు, కోడలు, మఱఁదలు అను చిన్నవారి పేళ్ల తుది నవి కానవచ్చును. బహువచనమునఁ జెల్లెండ్రు, కోడండ్రు, మఱఁదండ్రు అగును. మఱఁది యొక్కటి భిన్నము. పెద్దలను వరుసతోఁ బిలుచుట, చిన్నలను బేరుతోఁ బిలుచుట లోకవ్యవహారము. అన్నా, అక్కా, మామా యను సంబోధనలు నోట నాడుచుండుటయు నందులకే.

కావున నిఘంటుకారుఁడు మామ యన్నచో మాతులుఁడని వ్రాసి విరమింపరాదు. తల్లి సోదరుఁడు, మేనత్త భర్త, భార్య తండ్రి, భర్త తండ్రి యని సంబంధమార్గమును జూపవలెను. నేఁడు పట్టణములలో అంకుల్, ఆంటీ యను రెండు మాటలు పినతండ్రిని, మేనమామను, పొరుగువానిని నొక్కగాఁటఁ గట్టుచున్నవి. సంస్కృత పర్యాయముచే నర్థము కుంచితమైనది; ఈ పరభాషా పదములచే వరుసయే మఱుగుపడును. పదమును నేర్పునపుడు వరుసను గూడ నేర్పుట పండితుల కర్తవ్యము.