ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్

భారత వాయుసేన ప్రధానాధికారిగా 1978 సెప్టెంబరు 1 నుండి 1981 ఆగస్టు 31 వరకు పనిచేసిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ హైదరాబాదు నగరవాసి. ఆ పదవి నలంకరించిన మొదటి ముస్లిం అధికారి ఆయనే. 1923 జూన్ 9న జన్మించి, నిజాం కళాశాలలో విద్యనభ్యసించి, 1942లో వాయుసేనలో ప్రవేశించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగమున యుద్ధవిమానాలు నడిపారు.

1947లో సైన్య విభజన జరిగినపుడు ముస్లిం అధికారులు రెండు దేశాలలో ఒకదానిని ఎంచుకొనవలసి వచ్చింది. సహచరులైన అధికారులు పాకిస్తాన్‌కు రమ్మని ఆహ్వానించినా శ్రీ లతీఫ్ భారత వాయుసేనలోనే కొనసాగారు. అప్పటికి ఆయన స్వస్థలమైన హైదరాబాదు సంస్థానమే భారత యూనియన్‌లో చేరలేదు; ఆ విలీనం 1948 సెప్టెంబరులో గాని జరుగలేదు. ఏ పతకమూ నమోదు చేయని ఈ నిర్ణయం ఆయన సేవా వివరాలలో మిక్కిలి గమనార్హమైనది.

1971 యుద్ధకాలంలో వాయుసేన ప్రధాన కార్యాలయంలో ప్రణాళికా విభాగ బాధ్యతలు నిర్వహించారు. పరమ విశిష్ట సేవా పతకం పొందారు. జాగ్వార్ విమానాలు 1979లో వాయుసేనకు చేరినది ఆయన హయాంలోనే.

పదవీ విరమణానంతరం మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో భారత రాయబారిగా వ్యవహరించారు. 2018 ఏప్రిల్ 30న హైదరాబాదులో 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.